ఎముక ముక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో ఒక పూర్వ విద్యార్థి, పాథాలజిస్టు, చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఏదైనా మాట్లాడమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. మన వయసువాళ్లకు ఆరోగ్యం అంటే షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. వాటి గురించి చెప్పేవాళ్లు ఈ సభలోనే పదిమంది ఉన్నారు. నేను పాథాలజిస్టుని. రోగి నా ముఖం చూడడు, నేనూ రోగి ముఖం చూడను. ఆపరేషన్ థియేటర్ నుంచి సీసాలో వచ్చే ముక్కను చూసి అదేమిటో రాసి పంపడం నా పని. నేను చూసే ముక్కల్లో ఎక్కువభాగం పెద్దవాళ్లవి. ఒక్క జబ్బులో మాత్రం అభ్యర్థన కాగితం మీద వయసు దగ్గర 13, 15, 17 అని ఉంటుంది. ఎముక క్యాన్సర్. ఈ బడిలో పిల్లలు చదివే వయసు సరిగ్గా అదే కాబట్టి ఈ విషయం ఎంచుకున్నాను.

ముందే ఒక మాట. భయపడకండి. ఇది చాలా అరుదైన జబ్బు. ఏడాదికి పది లక్షల మందిలో ముగ్గురు నలుగురికి వస్తుంది. మోకాలు నొప్పి పుట్టిన ప్రతి పిల్లవాడికీ ఇది ఉండదు. కానీ ఉన్నవాడికి మాత్రం కాలు, ప్రాణం రెండూ పందెంలో ఉంటాయి.

ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఆస్టియోసార్కోమా. పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో, ఎముక ఎక్కడ వేగంగా పెరుగుతుందో అక్కడ వస్తుంది. తొడ ఎముక కింది కొస, మోకాలి కింద కాలి ఎముక పై కొస, ఆ తర్వాత భుజం దగ్గర చేతి ఎముక పై కొస. ఆడపిల్లలు ముందు పొడుగవుతారు కనుక వాళ్లకు ఏడాది, రెండేళ్లు ముందుగా వస్తుంది. పొడుగైన పెద్ద జాతి కుక్కలకు కూడా ఇదే జబ్బు, ఇదే రూపంలో వస్తుంది. మనకు తెలిసిన సంగతులు కొన్ని వాటి నుంచి నేర్చుకున్నవే.

యాభై ఏళ్ల కిందట, అంటే మన సంఘం పుట్టిన కాలానికి కాస్త ముందువరకు, దీనికి వైద్యం కాలు తీసేయడం ఒక్కటే. కాలు తీసేసినా నూరుమందిలో ఇరవైమంది కూడా మిగిలేవారు కారు. ఆరు నెలలకో, ఏడాదికో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించేవి. కాలు తీసేనాటికే కంటికి కనిపించని విత్తనాలు ఊపిరితిత్తులకు చేరిపోయి ఉండేవన్నమాట. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1977లో, 18 ఏళ్ల వయసులో, కుడికాలు మోకాలి పైవరకు తీసేశారు. 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఆ పరుగు ఆగిపోయింది ఊపిరితిత్తుల దగ్గరే. 1981లో చనిపోయాడు.

పరిస్థితిని మార్చింది కీమోథెరపీ. అందులో ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మీద జరిగిన పని నుంచి పుట్టిన మందుల కుటుంబం అది. ఇదే మందు కీళ్లవాతానికి వారానికి 15 మిల్లీగ్రాముల మోతాదులో మీలో ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు. ఎముక క్యాన్సర్‌లో శరీర వైశాల్యం లెక్కన చదరపు మీటరుకు 12 గ్రాములు ఎక్కిస్తారు. పిల్లవాణ్ణి చంపేసే మోతాదు అది. మర్నాటి నుంచి విరుగుడు ఇచ్చి బతికించుకుంటారు. ఈ మందులు నిజంగా పనిచేస్తున్నాయా అన్న సందేహాన్ని 1986లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం తీర్చేసింది. ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్లలో రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 17 శాతం. ఆపరేషన్‌తో పాటు మందులు కూడా తీసుకున్నవాళ్లలో 66 శాతం. చీటీ వేసి ఈ గుంపులోకో ఆ గుంపులోకో పంపినవాళ్లు అంతా కలిపి 36 మందే. తేడా అంత పెద్దదైతే ఎక్కువమంది అక్కర్లేదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఇవాళ మంచి వైద్యం అందితే, వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే, నూరుమందిలో అరవై నుంచి డెబ్బైమంది అయిదేళ్లు దాటుతున్నారు. మిగతా ముప్పై, నలభైమంది దాటడం లేదు. మొదటి రోజు ముక్క నా దగ్గరకు వచ్చినప్పుడు, మైక్రోస్కోపు కింద ఈ నూరుమందీ ఒక్కలాగే ఉంటారు. అవే వికృతమైన కణాలు, వాటి మధ్య అదే కొత్తగా పుట్టిన పచ్చి ఎముక. ఎవరు అరవైలో ఉంటారు, ఎవరు నలభైలో ఉంటారు? తల్లిదండ్రులు డాక్టర్ని అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే కదా. "మావాడు బతుకుతాడా?" అన్న ప్రశ్నకు ముక్కలోనే జవాబు దొరుకుతుందేమో అన్న ఆశతో నలభై ఏళ్లుగా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో దొరికినవాటినే మార్కర్లు అంటాం.

మార్కరు అంటే గుర్తు. కణం మీద, కణంలో ఉండే ఒక ప్రోటీనో, జన్యువులో ఒక మార్పో. ప్రోటీన్లను చూసే పద్ధతి చెప్పడం తేలిక. ఆ ప్రోటీనుకు మాత్రమే అతుక్కునే యాంటీబాడీని ముక్క మీద పోస్తాం. అతుక్కున్నచోట గోధుమరంగు వచ్చేలా చేస్తాం. గోధుమరంగు ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. వినడానికి ఇంతే. చెయ్యడంలో ఎన్ని తిరకాసులున్నాయో తర్వాత చెబుతాను.

మార్కరు మూడు రకాల ప్రశ్నలకు జవాబివ్వవచ్చు. ఇది ఏ జబ్బు? ఈ జబ్బు ఎలా నడుస్తుంది? ఫలానా మందు దీనికి పని చేస్తుందా? ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. పత్రికల్లో, కరపత్రాల్లో మూడింటినీ కలిపేస్తుంటారు. ఒక దానికి పనికొచ్చింది ఇంకోదానికి పనికిరావాలని లేదు.

రెండో ప్రశ్నకు, అంటే జబ్బు ఎలా నడుస్తుందన్నదానికి, ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు ఏ ఖరీదైన పరీక్షలోనూ లేదు. అది రంపంతో కోసి, కళ్లతో చూసి చెప్పేది. దాని పుట్టుక కూడా చిత్రమైనది. 1970లలో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో కాలు తీయకుండా జబ్బుపడిన ఎముక ముక్కను మాత్రం తీసి లోహపు ఎముకను అమర్చడం మొదలుపెట్టారు. ఆ లోహపు ఎముకను ఒక్కొక్క పిల్లవాడి కొలతకు తయారు చేయించాలి. చేతికి రావడానికి వారాలు, నెలలు పట్టేది. అన్నాళ్లు ఊరికే ఎందుకు కూర్చోవాలని ఆపరేషన్‌కు ముందే కీమోథెరపీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత తీసిన ఎముకను అక్కడి పాథాలజిస్టు ఆండ్రూ హ్యూవోస్ కోసి చూస్తే కొందరిలో గడ్డ అంతా చచ్చిపోయి ఉంది, కొందరిలో చెక్కుచెదరలేదు. చచ్చిపోయినవాళ్లు ఎక్కువమంది బతుకుతున్నారు. ఇది గమనించి వాళ్లు నాలుగు గ్రేడులు పెట్టారు. సగం లోపు చచ్చిపోతే ఒకటి, తొంభై శాతం వరకు రెండు, తొంభై దాటితే మూడు, ఒక్క బతికున్న కణం కూడా కనిపించకపోతే నాలుగు. ఇవాళ ప్రపంచమంతా 90 శాతాన్ని గీతగా పెట్టుకుంది.

ఈ పని ఎలా చేస్తామో చెబుతాను. ఆపరేషన్‌లో తీసిన తొడ ఎముక మా బల్ల మీదకు వస్తుంది. దాన్ని నిలువునా రంపంతో కోసి, మధ్యలోంచి ఒక పలక తీస్తాం. పలకను ఫోటో తీసి, దాని మీద గళ్లు గీసి, ప్రతి గడికీ ఒక నంబరు ఇస్తాం. ఏ గడి ముక్క ఏ స్లైడులో ఉందో తప్పకూడదు. ఎముక గట్టిది, కత్తికి లొంగదు. అందుకని యాసిడ్‌లో నానబెట్టి అందులోని సున్నం తీసేస్తాం. ఇరవై, ముప్పై, ఒక్కోసారి యాభై స్లైడులు. ఒక్కో స్లైడులో ఎంత చచ్చింది, ఎంత బతికుంది అని లెక్క. బతికున్న కణానికి నీలంగా కేంద్రకం కనిపిస్తుంది. చచ్చిపోయినచోట కణాలు ఉండవు. గడ్డ కట్టుకున్న ఎముక మాత్రం అలాగే ఉంటుంది, ఊరు ఖాళీ అయ్యాక ఇళ్లు మిగిలినట్టు. చివరికి ఒక అంకె రాస్తాం. 95 శాతం అని రాసిన రోజు చేతికి కాస్త హుషారుగా ఉంటుంది. 30 అని రాయాల్సిన రోజు స్లైడులన్నీ మళ్లీ మొదటినుంచి చూస్తాను.

పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది అర్ధసంవత్సర పరీక్ష. హాఫ్ ఇయర్లీలో మార్కులు బాగా వచ్చినవాళ్లు పబ్లిక్ పరీక్ష కూడా ఎక్కువగా బాగానే రాస్తారు. మరి హాఫ్ ఇయర్లీకి ముందు గట్టిగా ట్యూషన్ చెప్పి మార్కులు పెంచితే? పబ్లిక్ ఫలితాలూ పెరగాలి కదా. యూరప్‌లో సరిగ్గా ఇదే చేసి చూశారు. అవే మందులను తక్కువ వ్యవధిలో, దగ్గర దగ్గరగా ఇచ్చారు. 90 శాతం గీత దాటినవాళ్లు 36 నుంచి 50 శాతానికి పెరిగారు. కానీ బతికినవాళ్ల సంఖ్య పెరగలేదు. 2007లో ఈ ఫలితం అచ్చయినప్పుడు మా రంగంలో చాలామంది తలపట్టుకున్నారు.

ఇంకో దారి ఉంది. హాఫ్ ఇయర్లీలో తక్కువ వచ్చినవాళ్లను గుర్తించి, వాళ్లకే అదనపు మందులు ఇస్తే? ఇది తేల్చడానికి 17 దేశాలు కలిశాయి. యూరామోస్ అనే ఆ అధ్యయనంలో 2005 నుంచి 2011 వరకు 2,260 మంది పేర్లు నమోదయ్యాయి. ఇంత అరుదైన జబ్బులో అంతమందిని పోగుచెయ్యడమే ఒక ఘనకార్యం. గడ్డ సరిగా చావనివాళ్లలో సగంమందికి పాత మూడు మందులే కొనసాగించారు, సగంమందికి ఇంకో రెండు మందులు కలిపారు. 2016లో ఫలితం వచ్చింది. రెండు మందులు కలిపినందువల్ల ఇబ్బందులు పెరిగాయి తప్ప లాభం కనిపించలేదు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. నాకు ఇవాళ చెప్పాలనిపించినదంతా ఈ రెండు అధ్యయనాల్లోనే ఉంది. నేను రాసే ఆ శాతం అబద్ధం కాదు. గుంపుగా చూస్తే అది జరగబోయేది నిజంగానే చెబుతుంది. అయినా అది చూసి వైద్యం మారిస్తే ఫలితం మారలేదు. ముందే తెలియడం ఒక సంగతి, తెలిసినదాన్ని మార్చగలగడం ఇంకో సంగతి. వర్షం రాదని పంచాంగం కచ్చితంగా చెప్పినంత మాత్రాన చెరువు నిండుతుందా?

సరే, ఇక గోధుమరంగు మార్కర్ల సంగతి. వాటిలో మొదట పేరు తెచ్చుకున్నది పి-గ్లైకోప్రోటీన్. కణంలోకి వచ్చిన మందును బయటికి తోడిపోసే పంపు ఇది. పంపు ఎక్కువున్న గడ్డకు మందు ఎక్కదు కాబట్టి జబ్బు తిరగబెడుతుందని ఎవరికైనా తోస్తుంది. ఇటలీలోని బొలోనాలో రిజోలి సంస్థవాళ్లు 1995లో 92 మంది పిల్లల ముక్కలు చూసి అలాగే జరుగుతోందని రాశారు. చాలా పేరున్న పత్రికలో వచ్చింది. అందరం నమ్మాం. 2007లో అమెరికావాళ్లు ముందుగా ప్రణాళిక వేసుకుని మళ్లీ పరీక్షిస్తే అలాంటి సంబంధం కనిపించలేదు. ఇటలీవాళ్లు మాత్రం తమ మాట వదల్లేదు. తర్వాతి వైద్యంలో ఈ పంపు ఉన్నవాళ్లకు వేరే మందు కలిపి చూశారు. ఆ వాదం ఇంకా నడుస్తోంది.

తర్వాత హెర్-2. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ పేరు తెలిసే ఉంటుంది. దానికి ట్రాస్టుజుమాబ్ అనే మందు 1998లో వచ్చి ఎంతోమంది ఆడవాళ్ల రాత మార్చింది. 1999లో ఎముక క్యాన్సర్‌లోనూ నూటికి నలభైమంది ముక్కల్లో హెర్-2 ఉందని, ఉన్నవాళ్లకు జబ్బు చెడుగా నడుస్తుందని అమెరికా నుంచి ఒక వ్యాసం వచ్చింది. 2002లో ఇంకొక వ్యాసం దీనికి పూర్తిగా ఎదురు చెప్పింది. హెర్-2 ఉన్నవాళ్లే ఎక్కువకాలం బతుకుతున్నారని! ఒకే జబ్బు, ఒకే ప్రోటీను. ఒకరు కీడన్నారు, ఒకరు మేలన్నారు. మొత్తానికి మందు ఉంది కదా అని ఇచ్చి చూశారు. 2012లో ఆ ఫలితం వచ్చింది. మొదటే జబ్బు పాకిపోయిన 96 మందిలో హెర్-2 ఉన్న 41 మందికి కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. మిగతావాళ్లకు, వీళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఎజ్రిన్ అని ఇంకొకటి ఉంది. 2004లో ఎలుకల్లో, కుక్కల్లో, పిల్లల్లో మూడుచోట్లా చూసి, గడ్డ ఊపిరితిత్తులకు పాకడానికి ఇది తోడ్పడుతుందని చూపించారు. శాస్త్రంగా చాలా అందమైన పని. ఆస్పత్రిలో వైద్యం నిర్ణయించడానికి మాత్రం ఇరవై ఏళ్లయినా అక్కరకు రాలేదు. పిల్లల్లో వచ్చే మరో ఎముక క్యాన్సర్ యూయింగ్ సార్కోమాలో రెండు జన్యువులు అతుక్కునే తీరును బట్టి ఫలితం చెప్పవచ్చని 1998లో అన్నారు. 2010లో అమెరికా, యూరప్ రెండు ఖండాల నుంచీ జవాబు వచ్చింది. ఇప్పటి వైద్యంలో ఆ తేడా మిగల్లేదని. వైద్యం మెరుగైతే మార్కరు చచ్చిపోతుంది! ఇలాంటి చావు ఎన్ని మార్కర్లకు వచ్చినా నాకు సంతోషమే.

ఎందుకిలా అవుతోంది? శాస్త్రవేత్తలు అబద్ధాలాడుతున్నారని కాదు. ఒక కారణం, రోగులు తక్కువ. నలభై, యాభైమందిలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే లెక్క తిరగబడుతుంది. రెండో కారణం, గీత ఎక్కడ గీయాలన్నది. పది శాతం కణాలకు రంగొస్తే పాజిటివా, ముప్పైకి వస్తేనా? ఫలితాలు చూసుకున్నాక గీత గీస్తే ఏ మార్కరైనా పాసవుతుంది. మార్కులు వచ్చాక పాసు మార్కు నిర్ణయించినట్టు. మూడోది, తేడా కనిపించిన వ్యాసాలు అచ్చవుతాయి, కనిపించనివి సొరుగుల్లో ఉండిపోతాయి. దీన్ని సరిదిద్దడానికే 2005లో రిమార్క్ పేరుతో నియమాలు పెట్టారు. మార్కరు గురించి రాసేవాడు ఎంతమందిని చూశాడు, ఎవరిని వదిలేశాడు, గీత ముందే గీశాడా అన్నవన్నీ చెప్పితీరాలి. మంచి నియమాలు. పాటించేవాళ్లు ఇంకా పెరగాలి.

నాలుగో కారణం మా ఇంటి గుట్టు. ఎముకను యాసిడ్‌లో నానబెడతామని చెప్పాను కదా. ఆ యాసిడ్ సున్నాన్నే కాదు, మనం వెతికే ప్రోటీనునీ జన్యువునీ కూడా తినేస్తుంది. ఒక ప్రయోగశాలలో నాలుగు గంటలు నానబెడతారు, ఇంకోచోట సెలవు వచ్చిందని మూడు రోజులు వదిలేస్తారు. అప్పుడు నెగటివ్ వస్తే ప్రోటీను లేదని అర్థమా, కరిగిపోయిందని అర్థమా? యాసిడ్ బదులు ఇ.డి.టి.ఎ. అనే మెత్తని ద్రావణం వాడితే చాలావరకు కాపాడుకోవచ్చు. కానీ దానికి రోజులు, వారాలు పడుతుంది. ఇంకా మంచి పద్ధతి, ముక్క రాగానే మెత్తగా ఉన్న భాగాన్ని విడదీసి యాసిడ్‌లో వెయ్యకుండా పక్కన పెట్టడం. పైసా ఖర్చు లేని పని.

అయిదోది జబ్బు స్వభావమే. కొన్ని క్యాన్సర్లలో ముఖ్యంగా ఒకటో రెండో జన్యువులు చెడి ఉంటాయి. ఆస్టియోసార్కోమాలో క్రోమోజోములే ముక్కలు ముక్కలై, ఇష్టం వచ్చినట్టు తిరిగి అతుక్కుంటాయి. గాజు పగిలినట్టు ఒక్క దెబ్బతో క్రోమోజోము చిట్లిపోయే ఈ సంగతిని 2011లో కనిపెట్టారు. మొత్తం క్యాన్సర్లలో ఇది రెండు మూడు శాతం, ఎముక క్యాన్సర్లలో పాతిక శాతం. అంత గందరగోళంలో ఏదో ఒక్క ప్రోటీను మొత్తం కథ చెబుతుందని ఆశించడమే ఎక్కువేమో అని నాకనిపిస్తుంది.

అంటే మార్కర్లన్నీ దండగా? కాదు. మొదటి ప్రశ్నకు, ఇది ఏ జబ్బు అన్నదానికి, అవి ఇవాళ నా రెండో జత కళ్లు. చిన్న ముక్కలో ఆస్టియోసార్కోమాకీ, యూయింగ్ సార్కోమాకీ, ఎముకలోకి దిగిన లింఫోమాకీ తేడా తెలియక తికమకపడే సందర్భాలున్నాయి. మూడింటికీ మందులు వేరు. ఎముక ఉపరితలం మీద నెమ్మదిగా పెరిగే ఒక రకం ఆస్టియోసార్కోమా ఉంది. ఎం.డి.ఎం.2 అనే జన్యువు చూసి దాన్ని గుర్తుపడితే, చాలామందికి కీమో అక్కర్లేకుండా ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది. ఒక పిల్లవాడికి జుట్టు రాలకుండా, వినికిడి దెబ్బతినకుండా కాపాడే మార్కరు అది. అలాగే ఇంట్లో చిన్న వయసులోనే నలుగురైదుగురికి క్యాన్సర్లు వచ్చి ఉంటే, రోగి రక్తంలో పి-53 జన్యువు చూడమని చెబుతాం. అది తోబుట్టువుల కోసం.

బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. రెండు మూడేళ్లుగా నా దగ్గరకు అభిప్రాయం కోసం వచ్చే ఫైళ్లలో పెద్ద పెద్ద జన్యు పరీక్షల రిపోర్టులు కనిపిస్తున్నాయి. వందల జన్యువులు, రంగురంగుల పటాలు, ముప్పై, నలభై పేజీలు. ఎముక క్యాన్సర్ పిల్లల తండ్రుల్లో చాలామంది కౌలు రైతులు, ఆటో నడిపేవాళ్లు, చిరుద్యోగులు. ఆరోగ్యశ్రీ వైద్యానికి ఉపయోగపడుతుంది గానీ ఇలాంటి పరీక్షలకు చేతి డబ్బే పెట్టుకుంటున్నారు. ఆ రిపోర్టు వచ్చాక వైద్యం ఏం మారిందని ఫైలు తిరగేస్తే, మొదట మొదలుపెట్టిన మూడు మందులే కొనసాగుతుంటాయి. తిరగబెట్టిన జబ్బులో, ఏదైనా కొత్త మందు అధ్యయనంలో చేరడానికి ఇలాంటి పరీక్ష అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి, కాదనను. కానీ మొదటి వైద్యం మొదలయ్యేటప్పుడు పరీక్ష రాసిచ్చిన డాక్టర్ని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి. "అయ్యా, ఈ రిపోర్టు ఇలా వస్తే ఒక మందు, అలా వస్తే ఇంకో మందు ఇస్తారా?" అవునంటే చేయించండి. కాదంటే ఆ డబ్బు పట్నంలో ఆస్పత్రి దగ్గర గది అద్దెకు, తిండికి దాచుకోండి. ఈ వైద్యం ఎనిమిది, తొమ్మిది నెలలు సాగుతుంది. మధ్యలో డబ్బైపోయి వెనక్కి వెళ్లిపోయే కుటుంబాలున్నాయి. నాకు తెలిసినంతలో అంతకంటే చెడ్డ గుర్తు ఏ ముక్కలోనూ లేదు.

ఎవరో చీటీ పంపారు. "రిపోర్టులో కి-67 అరవై శాతం అని ఉంది, ఎన్నాళ్లుంటారు?" పేరు రాయలేదు, మంచిదే. కి-67 అంటే ఎన్ని కణాలు విభజన దారిలో ఉన్నాయో చూపే గుర్తు. ఆస్టియోసార్కోమాలో ఇంత ఉంటే ఇన్నాళ్లు అనే లెక్క ఏదీ స్థిరపడలేదు. వేగంగా విభజించే కణాలను కీమో ఎక్కువగా చంపుతుంది కూడా. ఆ అంకె చూసి రోజులు లెక్కపెట్టుకోకండి. సభ అయ్యాక నన్ను కలవండి, రిపోర్టు కలిసి చదువుదాం.

ముక్క గురించి రెండు పనికొచ్చే మాటలు. పరీక్ష అయ్యాక మిగిలిన ముక్క మైనంలో బ్లాకుగా ఉంటుంది. అది ఏళ్ల తరబడి చెడదు. రెండో అభిప్రాయం కావాలంటే మళ్లీ ముక్క తీయించుకోనక్కర్లేదు, ఆ బ్లాకు, స్లైడులు అడిగి తీసుకెళ్లవచ్చు. ఎండాకాలం బస్సులో కిటికీ పక్కన, కారు అద్దం దగ్గర పెట్టకండి. మైనం కరుగుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఎముకలో గడ్డ అని అనుమానం వస్తే, పెద్ద ఆపరేషన్ ఎక్కడ చేస్తారో అక్కడే ముక్క తీయించుకోవాలి. ముక్క తీసిన దారి పొడవునా కణాలు అంటుకునే ప్రమాదం ఉంటుంది. తర్వాత ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కలిపి తీసెయ్యాలి. సూదో కత్తో తప్పుచోట దిగితే, దక్కవలసిన కాలు దక్కకుండా పోయే అవకాశం ఉంది.

మరి ఫలితాన్ని ముందే చెప్పేవి ఏమిటని అడిగితే, నా ప్రయోగశాలతో పనిలేనివే ముందు వరసలో ఉన్నాయి. మొదటిసారి ఆస్పత్రికి వచ్చేనాటికి ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయా? నూటికి పదిహేను, ఇరవైమందికి స్కానులో ఉంటాయి. అలాంటివాళ్లలో గట్టెక్కేవాళ్లు ఇరవై, ముప్పై శాతమే. గడ్డ ఎంత పెద్దది? కాలిలోనా, వెన్నులోనా, నడుము ఎముకలోనా? పూర్తిగా తీయగలిగారా? వీటిలో మన చేతిలో కొంతైనా ఉన్నది త్వరగా రావడం. త్వరగా వచ్చిన ప్రతివాడూ బతుకుతాడని హామీ ఇవ్వలేను, కొన్ని గడ్డలు మొదటినుంచే మొండివి. కానీ గడ్డ చిన్నగా ఉన్నప్పుడు కాలు నిలబెట్టడం తేలిక.

మన దగ్గర జరిగేది మీకు తెలిసిందే. ఆటలో పడ్డాడు, మోకాలు వాచింది అంటారు. నూనె రాసి మర్దన చేస్తారు. తగ్గకపోతే కట్టు వేయిస్తారు, ఇరవై రోజులు ఆగమంటారు. విరిగిన ఎముకకు కట్టు మంచిదా కాదా అన్న వాదం నాకొద్దు. గడ్డ ఉన్న ఎముకను మాత్రం పిసకకూడదు. దెబ్బవల్ల క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలినందువల్ల చూస్తే అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే.

ఇక్కడ పి.ఇ.టి. మాస్టర్లు ఇద్దరు కూర్చున్నారు. అమ్మానాన్నలకంటే ముందు ఈ సంగతి తెలిసేది మీకే. ఆటలో దెబ్బ అయితే రోజురోజుకూ తగ్గుతుంది, విశ్రాంతిగా ఉంటే నొప్పి ఉండదు. పొడుగయ్యే వయసు నొప్పులైతే రెండు కాళ్లకూ వస్తాయి, పొద్దున్నకు పోతాయి. ఒకే కాలు, ఒకేచోట, వారాలు గడిచినా తగ్గకుండా, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి అయితే, లేదా ఎముక మీద గట్టిగా వాపు చేతికి తగిలితే, ఆగవద్దు. కారణం తెలియని ఎముక నొప్పి, వాపు ఉన్న పిల్లలకు 48 గంటల్లోపు ఎక్స్‌రే తీయించే విషయం ఆలోచించమని బ్రిటన్‌లో డాక్టర్లకు మార్గదర్శకాలున్నాయి. మన దగ్గర ఎక్స్‌రే మండల కేంద్రంలోనో, పక్క టౌనులోనో దొరుకుతుంది, ఖర్చు కొన్ని వందలు. రెండు దిశల్లో తీయమనండి. మోకాలితో పాటు తొడ ఎముక కింది భాగం, కాలి ఎముక పై భాగం కూడా ఫిల్ములో పడేలా చూడమనండి. మామూలుగా ఉందని వచ్చి, నొప్పి మాత్రం తగ్గకపోతే, నెల రోజుల్లో మళ్లీ తీయించండి. పాత ఫిల్ము పారెయ్యకండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.